బ్రౌన్ వ్యాన్‌లో తొలి 30 రోజులు: యూనియన్ ఉన్న పార్శిల్ డ్రైవర్ కొలువు ఎలా మొదలవుతుంది?

ఆర్టీసీ డ్రైవర్ ఇంట్లో పుట్టిన వాళ్లకు ఒక సంగతి చెప్పనక్కర్లేదు. బండి నడపడం ఎంత ముఖ్యమో, ఏ రూటు ఎవరికి, నైటవుట్ ఎవరికి, పండగ సెలవు ఎవరికి అనేది ఎవరు తేలుస్తారన్నదీ అంతే ముఖ్యం. అది ఒక అధికారి ఇష్టం మీద నడిస్తే ఒక రకం బతుకు. గోడకు అంటించిన జాబితా ప్రకారం నడిస్తే మరో రకం బతుకు. ఈ తేడా దళితులకు ఇంకాస్త బాగా తెలుసు. పై అధికారి ఇష్టానికి ఎక్కడ చోటుందో అక్కడికి కులం వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

ఈ వ్యాసం అమెరికాలో పార్శిళ్లు పంచే ఒక కొలువు గురించి. గోధుమ రంగు వ్యాన్లతో తిరిగే యూపీఎస్ కంపెనీలో డ్రైవర్లు, గోదాముల్లో సరుకు ఎత్తేవాళ్లు టీమ్‌స్టర్స్ యూనియన్ సభ్యులు. 2023లో ఆ యూనియన్ దాదాపు 3,40,000 మంది తరఫున ఐదేళ్ల ఒప్పందం కుదుర్చుకుంది. ఉత్తర అమెరికాలో ఒకే ప్రైవేటు యజమానితో కుదిరిన ఉమ్మడి ఒప్పందాల్లో ఇదే అతి పెద్దది. ఆ ఉద్యోగంలో కొత్తగా చేరే మనిషికి మొదటి రోజు నుంచి ఏం జరుగుతుంది, ఏ హక్కు ఎప్పుడు చేతికొస్తుంది, ఏ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది అన్నది ఇక్కడ చెబుతాను. అమెరికాలో ఉన్న మన వాళ్లలో కొందరికి ఇది నేరుగా పనికొస్తుంది. ఇక్కడ డెలివరీ కార్మికులతో పనిచేసే కార్యకర్తలకు, కార్మిక చట్టాలు చదివే విద్యార్థులకు మరో రకంగా పనికొస్తుంది.

ముందే ఒక హెచ్చరిక. ఎఫ్-1 వీసా మీద చదువుకుంటున్న విద్యార్థులకు ఈ ఉద్యోగం లేదు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే వీసా హోదాకే ఎసరు. హెచ్-1బీ వాళ్లు తమకు వీసా ఇప్పించిన యజమాని దగ్గరే పనిచేయాలి. గ్రీన్ కార్డు, పౌరసత్వం, లేదా ఎక్కడైనా పనిచేసుకోనిచ్చే అనుమతి పత్రం ఉన్నవాళ్లకే ఈ దారి.

దారి గోదాము లోపలి నుంచే

బయట నుంచి వచ్చి నేరుగా డ్రైవర్ అయ్యేవాళ్లు తక్కువ. ఎక్కువ మంది పార్ట్‌టైమ్‌గా గోదాములో చేరతారు. ట్రక్కుల నుంచి పార్శిళ్లు దించడం, బెల్టు మీద వేరుచేయడం, తెల్లవారుజామున నాలుగింటికే వచ్చి డెలివరీ వ్యాన్లలో వరుసగా సర్దడం వాళ్ల పని. చాలా ప్రాంతాల ఒప్పందాల్లో ఒక నిష్పత్తి ఉంటుంది. లోపలి వాళ్లు ఆరుగురు డ్రైవర్లయితే బయటి నుంచి ఒకరిని తీసుకోవచ్చు. అందుకే ‘డ్రైవర్ పోస్టు ఉందా’ అని అడిగే కొత్తవాళ్లకు పాతవాళ్లు చెప్పే జవాబు ఒకటే: ముందు లోపలికి రా, నీ తేదీ మొదలవనీ.

2023 ఒప్పందం ప్రకారం పార్ట్‌టైమ్ పని గంటకు 21 డాలర్లతో మొదలవుతుంది. ఆరోగ్య బీమాకు నెలనెలా ప్రీమియం కట్టక్కర్లేదు. కొన్ని నెలలు ఆగాక పార్ట్‌టైమ్ వాళ్లకూ అది వస్తుంది. అమెరికాలో ఒక్క రోజు ఆసుపత్రి బిల్లు చూసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. గంటకు నాలుగు డాలర్లు ఎక్కువిచ్చే వేరే గోదామును వదిలి ఇక్కడికి వచ్చేవాళ్లు ఉన్నారంటే కారణం ఇదే.

అక్టోబర్ నుంచి జనవరి దాకా పండగ సీజన్‌లో తాత్కాలిక డ్రైవర్లను, సహాయకులను తీసుకుంటారు. కొందరు సొంత కారుతోనే పార్శిళ్లు పంచుతారు. సీజన్ అయ్యాక అందరినీ ఉంచుకోరు. దీన్ని శాశ్వత ఉద్యోగానికి హామీ అనుకుని ఉన్న పని మానేయొద్దు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఈ కంపెనీ ఇప్పుడు పెరిగే దశలో లేదు. తన అతి పెద్ద ఖాతాదారైన అమెజాన్ సరుకును 2026 మధ్యకల్లా సగానికి పైగా తగ్గించుకుంటామని 2025 జనవరిలో ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో 20,000 ఉద్యోగాలు తగ్గిస్తామని, 73 భవనాలు మూసేస్తామని చెప్పింది. భవనం మూతపడితే కొత్తగా చేరినవాళ్లే ముందు రోడ్డున పడతారు. మీరు దరఖాస్తు చేసే ఊళ్లో భవనం పరిస్థితి ఏమిటో అక్కడి యూనియన్ లోకల్‌ను అడిగి తెలుసుకోండి. లోకల్ అంటే ఆ ప్రాంతపు యూనియన్ శాఖ.

వారం శిక్షణ, ఆ తర్వాత గండం

డ్రైవర్‌గా ఎంపికైతే మొదట వైద్య పరీక్ష, డ్రైవింగ్ రికార్డు తనిఖీ ఉంటాయి. గోధుమ రంగు డెలివరీ వ్యాన్‌కు భారీ వాహనాల లైసెన్సు అక్కర్లేదు. 70 పౌండ్ల దాకా, అంటే దాదాపు 32 కిలోల బరువు ఒక్కరే ఎత్తగలగాలి. పార్శిల్ 150 పౌండ్ల దాకా ఉండొచ్చు. అలాంటి వాటికి సాయం అడగడం నియమమే గానీ బలహీనత కాదు. అడగడానికి మొహమాటపడి నడుము పోగొట్టుకున్నవాళ్ల కథలు ప్రతి గోదాములోనూ ఉంటాయి.

శిక్షణ దాదాపు వారం. అందులో బండి నడపడం కంటే బట్టీ పట్టడం ఎక్కువగా కనిపించి కొత్తవాళ్లు నవ్వుకుంటారు. దూరంగా చూడు, చుట్టుపక్కలంతా గమనించు, కళ్లు ఒకేచోట నిలపకు, తప్పుకునే దారి ఉంచుకో, ఎదుటివాళ్లు నిన్ను చూసేలా చేయి: చూపుకు సంబంధించిన ఈ ఐదు అలవాట్లను, వాటితో పాటు పది అంశాల వ్యాఖ్యానాన్ని మాట పొల్లుపోకుండా అప్పజెప్పాలి. జారుడు నేల మీద నడిపిస్తారు. వ్యాన్ మెట్లు మూడు చోట్ల ఆధారం పట్టుకుని ఎలా దిగాలో చేయించి చూస్తారు. బట్టీ రాకపోతే ఇంటికి పంపేస్తారు. ఇంగ్లీషు రెండో భాషగా నేర్చుకున్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ముందే కాగితం సంపాదించి నోటికి తెచ్చుకోండి.

అసలు గండం ప్రొబేషన్. దేశమంతటికీ ఒక ప్రధాన ఒప్పందం, దాని కింద ప్రాంతాల వారీగా అనుబంధ ఒప్పందాలు ఉంటాయి. ప్రొబేషన్ ఎన్ని రోజులన్నది ఆ అనుబంధంలో రాసి ఉంటుంది. చాలాచోట్ల 30 పని దినాలు. బయటి నుంచి నేరుగా వచ్చినవాళ్లకు కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో కంపెనీ వద్దనుకుంటే కారణం చూపక్కర్లేదు. యూనియన్ ఫిర్యాదు వేసి ఉద్యోగం తిరిగి ఇప్పించలేదు. గోదాము లోపలి నుంచి వచ్చినవాళ్లు డ్రైవర్‌గా నెగ్గకపోతే మామూలుగా పాత పనికి వెనక్కి వెళ్తారు. బయటి నుంచి వచ్చినవాళ్లకు వెనక్కి వెళ్లే చోటు లేదు.

అంటే యూనియన్ ఉన్న ఈ ఉద్యోగంలో కూడా మొదటి నెలంతా యూనియన్ లేని ఉద్యోగమే. సూపర్‌వైజర్ ఇష్టమే చట్టం. మీ యాస నచ్చకపోయినా, మొహం నచ్చకపోయినా ‘వేగం సరిపోలేదు’ అనే ఒక్క మాటతో తేల్చేయొచ్చు. జాతి, మతం, లింగం ఆధారంగా వివక్ష చూపడం అప్పుడు కూడా చట్టవిరుద్ధమే, 1964 పౌరహక్కుల చట్టం ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. కానీ దాన్ని నిరూపించే భారం మీ మీద ఉంటుంది. అందుకే మొదటి రోజు నుంచి జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన ఏ రూటు, ఎన్ని స్టాపులు, ఎన్ని పార్శిళ్లు, ఎన్నింటికి బయలుదేరారు, ఎన్నింటికి తిరిగొచ్చారు, ఎవరు ఏమన్నారు, అన్నీ రాయండి.

ఈ 30 రోజుల్లో కొత్తవాళ్లు చేసే తప్పు దాదాపు అందరిదీ ఒకటే. వేగం చూపించాలని భోజన విరామం మానేస్తారు. హాజరు వేసుకోకముందే వచ్చి జీతం లేకుండా వ్యాన్ సర్దుకుంటారు. పరుగెత్తుతారు. అంకెలు బాగుంటాయి. ఆ అంకెలే రేపు మీ రూటుకు కొలత అవుతాయి. మీ తర్వాత ఆ రూటులోకి వచ్చే మనిషికీ అదే కొలత. జీతం లేకుండా పనిచేయడాన్ని ఒప్పందం కూడా ఒప్పుకోదు. పాత డ్రైవర్లు కొత్తవాళ్ల మీద చిరాకు పడేది ఇందుకే, దాన్ని మీ మీద కోపంగా తీసుకోకండి. అయితే ఆ సలహా ఇచ్చే పాత డ్రైవర్‌కు ఉద్యోగ భద్రత ఉంది, మీకు ఇంకా లేదు. ఈ ఇరుకు నిజమైనదే. మధ్యేమార్గం ఏమిటంటే, శిక్షణలో నేర్పిన పద్ధతిని అక్షరాలా పాటించడం, ఒక్క ప్రమాదం కూడా జరగకుండా చూసుకోవడం, రోజూ పనికి రావడం. వెనక్కి చూడకుండా బండి వెనక్కి తీసి గోడకు తగిలించడం కంటే పది నిమిషాలు ఆలస్యంగా రావడం వెయ్యి రెట్లు నయం.

చేతిలో ఉండే స్కానర్ ప్రతి స్టాపునూ నమోదు చేస్తుంది. వ్యాన్‌లోని సెన్సర్లు తలుపు ఎప్పుడు తెరిచారు, సీటు బెల్టు ఎప్పుడు పెట్టారు, బండి ఎంత వెనక్కి వెళ్లిందో కూడా చెబుతాయి. ఈ సమాచారం ఒక్కదాని ఆధారంగా మనిషిని తీసేయకూడదని ఒప్పందంలో ఉంది, మోసం చేసిన సందర్భాలు మినహా. ఆ ‘మోసం’ అనే మాట దగ్గరే గొడవలన్నీ. ఇంటి ముందు లేకుండా డెలివరీ అయిందని నొక్కినా, భోజనానికి ఆగినట్టు నొక్కి పని చేసినా దాన్ని మోసం అనగలరు. స్కానర్‌లో నిజం తప్ప మరేదీ నొక్కకండి, సూపర్‌వైజర్ నోటిమాటగా నొక్కమన్నా సరే.

ప్రొబేషన్ దాటాక

ప్రొబేషన్ దాటిన రోజు మీ పేరు సీనియారిటీ జాబితాలోకి ఎక్కుతుంది. ఏ రూటు కోరుకోవాలి, వార్షిక సెలవు ఏ వారం, పని తగ్గితే ఎవరు ముందు ఇంటికి వెళ్లాలి, అన్నీ ఆ వరుస ప్రకారమే. సూపర్‌వైజర్ బావమరిదైనా వరుస దాటలేడు.

డ్రైవర్ జీతం గంటకు 23 డాలర్లతో మొదలై నాలుగేళ్లకు పూర్తి రేటుకు చేరుతుంది. ఒప్పందం ముగిసే 2028 నాటికి ఆ పూర్తి రేటు సగటున గంటకు 49 డాలర్లు. ఏడాదికి 1,70,000 డాలర్లని 2023లో వార్తల్లో మోగిన అంకెను నమ్మి లెక్కలు వేసుకోకండి. కంపెనీ అధికారులు చెప్పిన ఆ అంకెలో జీతంతో పాటు ఆరోగ్య బీమాకు, పెన్షన్‌కు కంపెనీ కట్టేది కూడా కలిసి ఉంది. పైగా అది పూర్తి రేటుకు చేరినవాళ్ల సంగతి, మొదటి ఏడాది మనిషిది కాదు. యూనియన్ చందా మామూలుగా నెలకు రెండున్నర గంటల జీతం. టెక్సాస్, జార్జియా, నార్త్ కరోలినా లాంటి 26 రాష్ట్రాల్లో చందా కట్టకపోయినా ఉద్యోగం పోదు, ఒప్పందం ఫలాలూ అందుతాయి. 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం రాష్ట్రాలకు ఆ వెసులుబాటు ఇచ్చింది. అయినా కట్టండి. కట్టకపోతే యూనియన్ ఎన్నికల్లో ఓటు లేదు, ఒప్పందం మీద ఓటు లేదు.

శిక్ష విషయంలో మెట్లుంటాయి. ముందు హెచ్చరిక లేఖ, తర్వాత సస్పెన్షన్, ఆ తర్వాతే తొలగింపు. చాలాచోట్ల తొమ్మిది నెలలు దాటిన హెచ్చరికను మళ్లీ తవ్వకూడదు. తొలగించామని చెప్పినా, దొంగతనం, తాగి బండి నడపడం లాంటి కొన్ని పెద్ద నేరారోపణలు తప్ప, విచారణ తేలేదాకా పనిలోనే ఉంటారు. మన దగ్గర సస్పెండ్ చేసి నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టే పద్ధతితో దీన్ని పోల్చి చూడండి.

ఫిర్యాదును గ్రీవెన్స్ అంటారు. రాసి ఇవ్వాలి, ఒప్పందం చెప్పిన కొద్ది రోజుల గడువులోనే ఇవ్వాలి. స్టీవార్డ్ అంటే మీ భవనంలోనే పనిచేస్తూ యూనియన్ తరఫున మాట్లాడే తోటి కార్మికుడు. ముందు ఆయనో ఆమో సూపర్‌వైజర్‌తో మాట్లాడతారు. తేలకపోతే యూనియన్, కంపెనీ సమాన సంఖ్యలో కూర్చునే ప్యానెల్‌కు, అక్కడా తేలకపోతే మధ్యవర్తి దగ్గరకు పోతుంది. రోజుకు తొమ్మిదిన్నర గంటలకు మించి పనిచేయించవద్దని కోరే డ్రైవర్లకు వేరే జాబితా ఉంది. ఆ జాబితాలో ఉన్నవాళ్లను ఒకే వారంలో మూడు రోజులు ఆ గంటలు దాటిస్తే, గ్రీవెన్స్ నెగ్గాక ఎక్కువైన గంటలకు మూడింతల జీతం కట్టాలి. అడగనివాళ్లకు అది రాదు. ఈ ఒప్పందంలో సగం హక్కులు అలాంటివే, తలుపు తడితేనే తెరుచుకుంటాయి.

తడితేనే తెరుచుకునే మరో తలుపు ఒప్పందం నుంచి కాదు, సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. టెక్సాస్‌లో ఒక దుకాణం ఉద్యోగిని 2.98 డాలర్ల చికెన్ డబ్బా తీసుకుని ఒక్క డాలరే వేసిందని అనుమానించి గదిలో కూర్చోబెట్టి ప్రశ్నించారు. యూనియన్ ప్రతినిధిని పిలవమని ఆమె పదే పదే అడిగింది. పిలవలేదు. ఆ కేసులో 1975లో వచ్చిన తీర్పును వైన్‌గార్టెన్ తీర్పు అంటారు. శిక్షకు దారితీయగల ప్రశ్నలు అడుగుతున్నప్పుడు, యూనియన్ ఉన్నచోట కార్మికుడు ప్రతినిధి కావాలని కోరవచ్చు. కోరాలి, ఎందుకంటే ఆ హక్కు ఉందని యజమాని గుర్తుచేయనక్కర్లేదు. ఆఫీసులోకి పిలిచి తలుపు వేస్తే నోటి నుంచి వచ్చే మొదటి వాక్యం ‘నా స్టీవార్డ్ కావాలి’ అయివుండాలి.

ఏ జాబితాలో, ఎక్కడ నుంచి

ఇంతసేపూ జాబితాను పొగిడాను. ఇప్పుడు దాని రెండో మొహం కూడా చూడాలి. ఇదే టీమ్‌స్టర్స్ యూనియన్ పేరు మీద అమెరికా సుప్రీంకోర్టులో 1977లో ఒక తీర్పు వచ్చింది: టీమ్‌స్టర్స్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్. యూపీఎస్‌కు సంబంధించినది కాదు, టీ.ఐ.ఎం.ఈ.-డీ.సీ. అనే సరుకు రవాణా కంపెనీది. అక్కడ రెండు రకాల డ్రైవర్లు. ఊళ్ల మధ్య దూర ప్రయాణాలు చేసే లైన్ డ్రైవర్లకు జీతం ఎక్కువ. ఊళ్లోనే తిరిగే సిటీ డ్రైవర్లకు తక్కువ. 1971 మార్చి 31 నాటికి ఆ కంపెనీలో 1,828 మంది లైన్ డ్రైవర్లుంటే నల్లజాతివారు 8 మంది, స్పానిష్ ఇంటిపేర్లవారు ఐదుగురు. ఆ 8 మందినీ ప్రభుత్వం దావా వేశాకే తీసుకున్నారు. నల్లజాతి కార్మికులు కంపెనీలో లేక కాదు. ఉన్నారు, సిటీ బండ్ల మీద, సర్వీసు పనుల్లో.

ఆ గోడను నిలబెట్టిందాంట్లో సీనియారిటీకీ వాటా ఉంది. రెండు రకాల పనులకు రెండు వేరు జాబితాలు. పదిహేనేళ్లు సిటీ బండి నడిపిన నల్లజాతి డ్రైవర్ లైన్‌కు మారితే ఆ పదిహేనేళ్లూ సున్నా, నిన్న చేరిన తెల్ల కుర్రాడి కింద నిలబడాలి. కంపెనీ వివక్ష చూపిందని కోర్టు తేల్చింది. కానీ సీనియారిటీ వ్యవస్థ జోలికి వెళ్లలేదు. వివక్ష ఉద్దేశంతో పుట్టని సీనియారిటీ పద్ధతిని 1964 చట్టమే కాపాడుతోందని, చట్టం అమల్లోకి వచ్చాక నష్టపోయినవాళ్లకే వెనుకటి తేదీతో సీనియారిటీ ఇవ్వవచ్చని చెప్పింది. అంతకుముందు నష్టపోయినవాళ్ల ఏళ్లు గాలిలో కలిశాయి. ఆ భాగంతో విభేదించినవారు ఇద్దరే: ఆ కోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్, ఆయనతో విలియం బ్రెన్నన్.

బొంబాయి బట్టల మిల్లుల చరిత్ర చదివినవాళ్లకు ఇది పాత కథే. అక్కడ మిల్లు గేటు అస్పృశ్యులకు మూసి లేదు, నేత ఖాతా మూసి ఉంది. కండె దారాన్ని నోటితో పీల్చి లాగాలి గనక, అంటరాని ఎంగిలి అనే సాకుతో ఎక్కువ జీతమున్న మగ్గాల దగ్గరకు రానివ్వలేదు. 1928 సమ్మెలో కార్మిక డిమాండ్లలో ఈ వివక్ష కూడా చేరాలని అంబేడ్కర్ పట్టుబట్టారు. పదేళ్ల తర్వాత, 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో కార్మికులకు శత్రువులు ఇద్దరని, బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం అని చెప్పిన ప్రసంగానికి వెనుక ఈ అనుభవాలే ఉన్నాయి. యూనియన్‌ను దూరం పెట్టమని ఆయన చెప్పలేదు. వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా ఉండగా యజమానులు యూనియన్లను గుర్తించి తీరాలనే బిల్లును 1943లో సభ ముందు పెట్టింది కూడా ఆయనే.

కాబట్టి కొత్త డ్రైవర్ అడగాల్సిన ప్రశ్న ‘జాబితా ఉందా’ అన్న దగ్గర ఆగదు. జాబితాలోకి ఎవరిని రానిస్తున్నారు, ఎన్ని జాబితాలున్నాయి, ఒకదాని నుంచి ఇంకొకదానికి మారితే తేదీ వెంట వస్తుందా అని అడగాలి. యూపీఎస్‌లోనూ పార్ట్‌టైమ్, ఫుల్‌టైమ్‌లకు వేరు తేదీలుంటాయి.

యూనియన్ లోపల

టీమ్‌స్టర్ అంటే గుర్రాల జట్టును తోలేవాడు. 1903లో పుట్టిన ఈ సంఘానికి మచ్చలు చాలా ఉన్నాయి. మాఫియా పట్టు నుంచి బయటపడటానికి 1989లో ప్రభుత్వంతో కోర్టు ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత 1991లో సభ్యులు తొలిసారి నేరుగా ఓటేసి గెలిపించిన అధ్యక్షుడు రాన్ కేరీ, న్యూయార్క్‌లో యూపీఎస్ వ్యాన్ నడిపినవాడే. 1997 ఆగస్టులో 1,85,000 మంది 15 రోజులు సమ్మె చేసి 10,000 కొత్త ఫుల్‌టైమ్ ఉద్యోగాలు సాధించింది ఆయన నాయకత్వంలోనే.

గెలుపులే కాదు. 2018లో ఒకే పనికి తక్కువ జీతమిచ్చే రెండో తరగతి డ్రైవర్లను సృష్టించే ఒప్పందం వచ్చింది. ఓటేసినవాళ్లలో 54 శాతం వద్దన్నారు. అయినా అమలైంది, ఎందుకంటే సగం కంటే తక్కువ మంది ఓటేస్తే మూడింట రెండు వంతులు వద్దంటేనే చెల్లదని యూనియన్ రాజ్యాంగంలో ఒక నియమం ఉండేది. కార్మికులు 2021 మహాసభలో ముందు ఆ నియమాన్ని తీసేశారు. 2023లో రెండో తరగతిని రద్దు చేయించారు. ఆ ఏడాది సమ్మెకు 97 శాతం, ఒప్పందానికి 86.3 శాతం ఓట్లు పడ్డాయి. 2024 జనవరి 1 తర్వాత కొనే డెలివరీ వ్యాన్లలో ఏసీ ఉండాలన్నది అప్పుడు వచ్చిందే. అప్పటిదాకా ఎండాకాలంలో వెనుక సరుకు గది ఇనుప పొయ్యిలా ఉండేది, పాత బండ్లలో ఇప్పటికీ అంతే.

అదే ఒప్పందంతో మార్టిన్ లూథర్ కింగ్ జయంతి తొలిసారిగా యూపీఎస్ కార్మికులకు జీతంతో కూడిన సెలవు అయింది. కింగ్ 1968లో మెంఫిస్‌లో హత్యకు గురైంది నల్లజాతి సఫాయి కార్మికుల సమ్మెకు మద్దతుగా వెళ్లినప్పుడు. ఆయన పేరున ఒక రోజు ఒప్పందంలోకి ఎక్కడానికి అర్ధ శతాబ్దం దాటింది.

కులం మాటేమిటి? ఒప్పందంలోని వివక్ష నిషేధ నిబంధనలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం వగైరా ఉన్నాయి, కులం అనే పదం లేదు. యూపీఎస్ 1907లో పుట్టింది సియాటెల్‌లో. అదే సియాటెల్ 2023 ఫిబ్రవరి 21న కుల వివక్షను నిషేధించిన తొలి అమెరికా నగరమైంది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన ఇలాంటి బిల్లును గవర్నర్ 2023 అక్టోబర్‌లో తిప్పి పంపారు. గోదాముల్లో దక్షిణాసియా కార్మికులు పెరిగే కొద్దీ ఈ ప్రశ్న యూనియన్ హాళ్లలోకి రావాల్సిందే. ఒప్పందం 2028 జూలై 31న ముగుస్తుంది. కొత్త డిమాండ్ల పత్రం అంతకు ముందే తయారవుతుంది. కులం అనే పదం అందులో చేరాలంటే లోకల్ సమావేశంలో లేచి నిలబడి ప్రతిపాదించే సభ్యులు ఉండాలి.

హైదరాబాద్ నుంచి చూస్తే

మన నగరాల్లో బైకు మీద పార్శిళ్లు, భోజనం చేరవేసే వాళ్లకు పైన చెప్పిన 30 రోజుల గండం ఎప్పటికీ దాటదు. కంపెనీ లెక్కలో వాళ్లు కార్మికులు కారు, ‘పార్ట్‌నర్లు’. ఐడీ బ్లాక్ చేస్తే కారణం అడగడానికి మనిషి దొరకడు. వరుసను నిర్ణయించేది జాబితా కాదు, ఎవరికీ కనిపించని యాప్ లెక్క, దాని మీద కస్టమర్ ఇచ్చే నక్షత్రాలు. ఆ కస్టమర్ ఎవరో కూడా గుర్తుంచుకోవాలి. 2022 జూన్‌లో లక్నోలో పేరు అడిగి, దళితుడని తెలుసుకుని, తన చేతి భోజనం తీసుకోకుండా కొట్టారని ఒక డెలివరీ కార్మికుడు ఫిర్యాదు చేస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. అలాంటి ఇంటి నుంచి వచ్చే రేటింగ్ మీద ఒక మనిషి కూడు ఆధారపడి ఉంటుంది.

2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ‘గిగ్ వర్కర్’ అనే మాటను తొలిసారి చట్టంలోకి తెచ్చింది. రాజస్థాన్ 2023లో వీళ్ల కోసం ప్రత్యేక చట్టం చేసింది. అదే ఏడాది చివర్లో తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. ఇవన్నీ కావాల్సినవే. కానీ ఇవి చాలావరకు సంక్షేమం, దెబ్బ తగిలాక ఇచ్చే సాయం. ఐడీ తీసేసే ముందు కారణం రాసివ్వాలి, వినాలి, వినేటప్పుడు పక్కన తోటి కార్మికుడు ఉండాలి అన్నది వేరే రకం హక్కు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ లాంటి సంఘాలతో పనిచేసే విద్యార్థులు యూపీఎస్ ఒప్పందం నుంచి చదవాల్సింది జీతాల పట్టిక కాదు. అధ్యాయం 7, తొలగింపు గురించి. అధ్యాయం 6, యంత్రాల నిఘా గురించి.

31వ రోజు

ప్రొబేషన్ ముగిసిందని ఎవరూ వచ్చి చెప్పరు. మీ జేబు పుస్తకంలో పని దినాలు మీరే లెక్కపెట్టుకోండి. మరునాడు గడియారం దగ్గరున్న యూనియన్ బోర్డు మీద సీనియారిటీ జాబితా చూడండి. మామూలుగా ప్రొబేషన్ దాటినవాళ్ల తేదీ మొదటి పని దినం నుంచే లెక్కకు వస్తుంది. గోదాము నుంచి వచ్చినవాళ్లయితే కంపెనీలో చేరిన తేదీ ఒకటి, డ్రైవర్ తేదీ ఒకటి, రెండూ చూసుకోండి. పేరు లేకపోయినా, తేదీ ఒక్క రోజు తప్పినా అదే రోజు స్టీవార్డ్ దగ్గరకు వెళ్లి రాసివ్వండి. జాబితాను ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాత పాతికేళ్లు ఏ వేసవిలో ఊరికి వెళ్తారో, ఏ వీధుల్లో తిరుగుతారో తేల్చేది ఆ తేదీయే.